పిడికెడు బియ్యము, పొడుగాటి చాప

(శతవార్షికోత్సవముల సందర్భమున జరిగిన కుటుంబ కూడికలో చేసిన ప్రసంగము)



కార్యదర్శిగారు నాకు ఇచ్చిన అంశము "క్రైస్తవ గృహములో భోజనపు బల్ల". ఉత్తరము చదివి కొంచెము నవ్వుకొన్నాను. మా ఇంట్లో భోజనపు బల్ల ఉండేది కాదు. మా పేటలో ఏ ఇంట్లోనూ లేదు. బల్ల అంటే మాకు తెలిసినది గుడిలో తెల్లగుడ్డ పరచిన ప్రభువు బల్ల ఒక్కటే. దానిమీద చెయ్యి పెడితే మా నాన్నగారు చెవి మెలిపెట్టేవారు. అందుచేత అంశమును నా చేతనైనట్టు మార్చుకొన్నాను. చిన్నప్పుడు మేము ఎవరి ఇంట తిన్నాము, అమ్మానాన్నలు పనికి పోతే మమ్మల్ని ఎవరు కనిపెట్టుకొని ఉన్నారు, రాత్రి ఎవరి చాపమీద నిద్రపోయాము అన్నది చెబుతాను. కార్యదర్శిగారు క్షమించాలి.

మాది పలాసకు, సముద్రానికి నడుమనున్న ఊరు. ఇచ్చాపురము, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, ఈ పట్టునంతా ఉద్దానము అంటారని మీకు తెలుసు. ఉద్యానవనము అనే మాటే ఉద్దానమయిందని పెద్దలు చెబుతారు. కొబ్బరి, జీడిమామిడి, పనస, ఎటు చూసినా పచ్చదనమే. అయితే చెట్లు ఉన్నవారు వేరు, చెట్లక్రింద పని చేసేవారు వేరు. మాకు ఉన్నది మూడు కొబ్బరిచెట్లు, ఒక పనస. నాన్నగారు సంఘములో ఉపదేశి. ఆయనకు వచ్చేదానితో నెల గడిచేది కాదు. మా అమ్మ కాశీబుగ్గకు జీడిపిక్కల పనికి వెళ్ళేది.

ఆ పని ఎటువంటిదో ఈనాటి పిల్లలకు చెప్పాలి. నా చిన్నతనములో పిక్కలను కాల్చేవారు. ఆ పొగ మైలుదూరమునుండి కంటికి తగిలేది. కాల్చిన పిక్కను ఒక్కొక్కటిగా కొట్టి, లోపలి పప్పు విరగకుండా తీయాలి. పెంకులో ఉండే జీడినూనె చర్మానికి తగిలితే కాలుతుంది. ఆడవాళ్ళు చేతులకు బూడిద రాసుకొని కూర్చొనేవారు. ఎంత రాసుకొన్నా వ్రేళ్ళు నల్లబడి, తొక్కలు లేచిపోయేవి. ప్రభురాత్రి భోజనమప్పుడు మోకరించిన మా అమ్మ చేతిలో తెల్లని రొట్టెముక్క, దానిచుట్టూ ఆ నల్లని వ్రేళ్ళు ఇప్పటికీ నాకు కనబడతాయి. పని జోరుగా ఉన్న నెలలలో ఆమె తన చేత్తో మాకు అన్నము కలిపి పెట్టేది కాదు. నూనె అంటిన చెయ్యి పిల్లల పెదవులకు తగిలితే పుండ్లు పడతాయని ఆమె భయము. పళ్ళెము మా ముందుకు తోసి, తాను కొంచెము ఎడంగా కూర్చొని చూసేది. కలిపి ముద్దలు పెట్టింది మా అప్ప.

అప్ప సంగతి తరువాత చెబుతాను. ముందు మామ్మ సంగతి.

అంగన్‌వాడీల పథకము 1975 అక్టోబరు 2న దేశములో మొదలయింది కాని, మా పేటదాకా రావడానికి చాలా సంవత్సరములు పట్టింది. నాకు ఊహ తెలిసేనాటికి మా పేట అంగన్‌వాడీ అంటే మామ్మ ఇల్లే. మామ్మ మాకు చుట్టము కాదు. వయసులోనే భర్త పోయాడు, పిల్లలు లేరు. కొంతకాలము బైబిలు స్త్రీగా ఊరూరా తిరిగి, కాళ్ళు సహకరించక గుడి ప్రక్కన తాటాకుల ఇంట ఒంటరిగా ఉండేది. తెల్లవారకముందే తల్లులు నిద్రకళ్ళతో ఉన్న పిల్లలను తెచ్చి ఆమె అరుగుమీద దించి పోయేవారు. పని ఎక్కువగా ఉన్న రోజుల్లో పదిమందిమి, పన్నెండుమందిమి ఉండేవారము. "ఒలే, బేగి ఎల్లండి, మీ గుంటలకేటి నానున్నాను" అని తల్లులను తరిమేది.

మరి పన్నెండుమందికి అన్నము ఎక్కడిది? ఇది కుటుంబ కూడికలో చెప్పవలసిన మాటే. మన స్త్రీలు ఎసటిలో బియ్యము పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేవారు. ఆదివారము ఆ బియ్యము గుడికి తెచ్చేవారు. ఆంధ్రదేశములో మన సంఘములన్నిటా ఎరిగిన అలవాటే ఇది. గుడికి పెంకులు వేసినది, ఉపదేశుల ఇళ్ళలో పొయ్యి వెలిగించినది చాలావరకు ఆ పిడికిళ్ళే. మా సంఘపు పెద్దలు ఒక సంవత్సరము ఒక నిర్ణయము చేశారు. జీడిపని సాగే నెలలలో పిడికెడు బియ్యములో సగము మామ్మ ఇంటికి వెళ్ళాలి. నాన్నగారు దానిని మినిట్సు పుస్తకములో వ్రాశారు. "పనికిపోవు తల్లుల బిడ్డల భోజనార్థము" అని ఆయన వ్రాత నేను చూశాను. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చాక మా పేటలో పిడికిళ్ళు కొంచెము పెద్దవయ్యాయని మామ్మ నవ్వుతూ అనేది.

ప్రొద్దున్నే చోడి అంబలి, నంచుకోవడానికి ఉల్లిపాయ. మధ్యాహ్నము గంజితోకూడిన అన్నము. పనసకాయల కాలములో ఆవపెట్టిన పనసకూర. లేనినాడు నిప్పులమీద కాల్చిన ఎండుచేప, నౌపడ ఉప్పు. జీడిపప్పు దేశమంతటికీ మా ఊళ్ళనుండి పోయేది కాని, మా పళ్ళెములో దానిని నేను చూడలేదు. తోటలో రాలిన జీడిపండ్లు తిని గొంతు గీరుకొని దగ్గేవారము. ఎప్పుడైనా పెద్దపిల్లలు పచ్చిపిక్కలు దొంగిలించి తెస్తే మామ్మ వాటిని ముందు యజమాని ఇంటికి పంపించి, తరువాత దొంగలకు తొడపాశము పెట్టేది. యజమాని నాలుగు పిక్కలైనా తిరిగి ఇస్తాడేమోనని వాకిలివైపు చూసేవారము. ఇచ్చిన రోజు లేదు.

అందరికీ వడ్డించేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. మామ్మ ప్రార్థన పొడుగు. రాజులను, మంత్రులను, రోగులను, సముద్రముమీద ఉన్నవారిని, చివరకు మా అమ్మల వ్రేళ్ళను పేరుపేరునా తలచుకొనేది. నేను ఒక కన్ను తెరిచి చేపలు లెక్కపెట్టేవాడిని. ఒకనాడు పన్నెండుమందికి ఏడు చేపలు ఉన్నాయి. అయిదు రొట్టెలు రెండు చేపల కథ వినియున్నాను గనుక ఆమేన్ అనేసరికి పన్నెండు అవుతాయని ఎదురుచూశాను. అవి ఏడే ఉన్నాయి. మామ్మ వాటిని సగాలు చేసింది. పద్నాలుగు ముక్కలయ్యాయి. మిగిలిన రెండూ, ఆ దినము క్రొత్తగా వచ్చిన పసిగుంటకు, జ్వరముతో పడుకొన్నవాడికి. ఆమె వంతు సంగతి ఆ వయసులో నాకు తట్టలేదు.

లారీ సరుకు వచ్చినప్పుడు తల్లులు రాత్రికూడా పనిలోనే ఉండిపోయేవారు. ఆ రాత్రులు మాకు పండుగ. రెండు తాటాకు చాపలను మామ్మ దబ్బనముతో కలిపి కుట్టి ఒకటి చేసింది. అందరమూ దానిమీద వరుసగా, ఒకరి కాలు ఒకరిమీద. కిరసనాయిలు బుడ్డి తగ్గించి పెట్టేది. వాకిట కొబ్బరిమట్టల చప్పుడు, దూరాన సముద్రపు హోరు. పనసపండ్లు మగ్గే రోజుల్లో ఎలుగుబంట్లు తోటల్లోకి వచ్చేవి. ఇది పిల్లలను భయపెట్టడానికి చెప్పే మాట కాదు. 2022 జూన్‌లో కిడిసింగిలో ఎలుగు దాడికి ఒక రైతు ప్రాణము పోయిన సంగతి మీలో చాలామందికి తెలుసు. అందుకే ఎవరూ అర్ధరాత్రి ఒంటరిగా బయటికి పోకూడదు. మామ్మ లాంతరు, కర్ర పట్టుకొని ముందు నడిస్తే, వెనుక వరుసగా ఆరుగురు. ఆ భయముచేత వెళ్ళనివాడు చాప తడిపేవాడు. ఆ వాడు చాలాసార్లు నేనే. తెల్లవారి మామ్మ చాప ఎండలో వేస్తూ, "ఏటిరా గుంటడా, రాత్రి సముద్రం మనింటికొచ్చీసిందేటి?" అనేది. మరి ఎవరికీ చెప్పేది కాదు.

నిద్రకు ముందు కథ. ఎక్కువసార్లు సమూయేలు కథే. తల్లిని విడిచి దేవుని మందిరములో పడుకొన్న పిల్లవాడు కదా, మాకు దగ్గరివాడు. మామ్మ చెప్పే షిలోహులో కొబ్బరిచెట్లు ఉండేవి. ఏలీకి చూపు మందగించిన చోటికి వచ్చేసరికి ఆమె ఆగి, "ఆ ముసలాయన్ని సోంపేట తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించీవోల్లు లేకపోనారు" అని నిజముగా బాధపడేది. ఆమె కళ్ళకు చూపు వచ్చింది సోంపేట ఆరోగ్యవరము ఆసుపత్రిలోనే. డాక్టరు గల్లిసన్‌గారి కాలమునుండి ఆ ఆసుపత్రికి కంటివైద్యములో పేరు. ఆయన పనికి అండగా 1963లో కెనడా దేశపు కాల్గరీ పట్టణములో ఆరంభమైన ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ ఈనాడు ఎన్నో దేశాలలో చూపు ఇస్తున్నది. మా మామ్మకు అవన్నీ తెలియవు. ఏలీ ఒక్కడు ఆలస్యముగా పుట్టలేదే అని ఆమె విచారము.

తరువాత వేదాంత కళాశాలలో అదే కథ మూలభాషలో చదువుకొన్నాను. పరీక్షలో మంచి మార్కులు వచ్చాయి. హన్నా ఏడాదికొకసారి చిన్న అంగీ కుట్టి కొడుకుకు తెచ్చి ఇచ్చేదన్న మాటదగ్గరకు వచ్చినప్పుడు మాత్రము వ్యాకరణము కనబడలేదు. పిల్లవాడు ఎంత పెరిగాడో చూడకుండా ఆమె ఆ అంగీ కొలత ఎట్లా తీసుకొన్నదా అని ఆలోచించుకొంటూ కూర్చొన్నాను. మా అమ్మ రాత్రిపనికి పోతూ నా చొక్కా మడిచి మామ్మ చేతికిచ్చి, మళ్ళీ వెనక్కు వచ్చి ఒకసారి నా తల తడిమి పోయేది.

ఇంతవరకు తీపి జ్ఞాపకములే చెప్పాను. శతవార్షికోత్సవములలో మనమంతా అట్లాగే చెబుతాము. చేదుకూడా ఉన్నది.

ఒక రాత్రి ఊరిలో ఒక తోటగల రైతు ఇంట ప్రసవము కష్టమై, తల్లిని బండిమీద టెక్కలి తీసుకొని పోయారు. ఇంట మగవాళ్ళు లేరు. నాయనమ్మకూడా బండితో వెళ్ళింది. వాళ్ళ పిల్లవాడు నా ఈడువాడు. పాలేరు వాడిని తెచ్చి మామ్మ దగ్గర వదిలాడు. వాడు మాతో అంబలి త్రాగాడు, మా చాపమీద నా ప్రక్కనే పడుకొన్నాడు, మామ్మ కథకు మా అందరికంటె ఎక్కువగా ఏడ్చాడు. తెల్లవారి నాయనమ్మ వచ్చి వాడిని తీసుకొని పోయింది. నేను వాడి వెనుక వాళ్ళ వాకిలిదాకా వెళ్ళాను. వాడిని లోపలికి రానివ్వకుండా నూతిదగ్గర నిలబెట్టి నెత్తిమీద నాలుగు కడవలు పోసి, బట్టలు విప్పించి, అప్పుడు లోపలికి తీసుకొన్నారు. వచ్చి మామ్మకు చెప్పాను. ఆమె చోళ్ళు విసురుతున్నది. తిరగలి ఆపలేదు. "తల్లి బతికిందా?" అని అడిగింది. బ్రతికిందన్నాను. "సాల్లే" అన్నది.

ఆమె చాలు అనుకొన్నది. నేను అనుకోలేకపోతున్నాను. ఇంత వయసు వచ్చినా, ఇన్ని ప్రసంగాలు చేసినా, ఆ నూతిదగ్గరి నీళ్ళ చప్పుడు నాకు వినబడుతూనే ఉన్నది.

రెండవ చేదు మన ఇళ్ళలోనిదే. క్రిస్మస్ తరువాత కొన్ని దినములు మేము టెక్కలిలో అమ్మమ్మ ఇంట గడిపేవారము. పలాసలో పాసింజరు ఎక్కి, పూండి దాటి నౌపడలో దిగి, అక్కడ చిన్నబండి పట్టుకొనేవారము. పర్లాకిమిడి రాజావారి కాలములో 1900లో మొదలైన ఆ సన్నపట్టాల రైలు ఎంత మెల్లగా పోయేదంటే, మా చిన్నమామయ్య దిగి రేగుపండ్లు కోసుకొని మళ్ళీ ఎక్కేవాడు. 2004లో ఆ పట్టాలు తీసేసి, 2011 నాటికి పెద్దబండి నడిపించారు. రేగుపండ్ల సౌకర్యము పోయింది. ఒకసారి మామయ్య మమ్మల్ని తేలినీలాపురము తీసుకొని వెళ్ళి, చింతచెట్లమీద గూళ్ళు కట్టుకొన్న గూడబాతులను, ఎర్రకాళ్ళ కొంగలను చూపించాడు. పురిటికి వచ్చిన ఆడబిడ్డలతో సమానమని ఆ ఊరివారు వాటిని ఎవరినీ కొట్టనివ్వరు.

అమ్మమ్మ ఇంట ఇరవైమందిమి తినేవారము. మొదట మామయ్యలు, నాన్నగారు. తరువాత మగపిల్లలు. తరువాత ఆడపిల్లలు. చివరకు అమ్మ, అత్తలు, అమ్మమ్మ కుండ గోకుకొని గంజి పోసుకొనేవారు. మా అప్పకు అప్పటికి పదమూడేళ్ళు ఉంటాయి. ఆమె ఏ పంక్తిలోనూ లేదు. చంకలో మా చెల్లి, చేతిలో కూరగిన్నె. నేను మూడోసారి కూర అడిగితే గిన్నె వంచి నాకు వేసింది. తరువాత ఆ గిన్నె బోర్లించి కడిగింది. అది చూశాను. చూసి, చెయ్యి కడుక్కొని ఆటకు పోయాను.

మామ్మకు కాళ్ళ నొప్పులు ఎక్కువైన సంవత్సరము పసిపిల్లలను ఎత్తుకొనే మనిషి కావలసివచ్చింది. పేటలో అందరికంటె నెమ్మదైన పిల్ల మా అప్ప. ఆమెను అయిదవ తరగతితో మాన్పించారు. ఎవరూ బలవంతము చేయలేదు. నాన్నగారు మినిట్సులో వ్రాయలేదు. అది నిర్ణయము చేయవలసిన సంగతి అని ఎవరికీ తోచలేదు, అంతే. ఆమె పలక మా చెల్లికి వచ్చింది, తరువాత మామ్మ ఇంట ఉప్పుకుండ మీద మూతగా ఉండేది.

నది ఒడ్డున పెట్టెను కాచుకొని నిలబడిన మిర్యామును మనము సండేస్కూలులో ఎంతో మెచ్చుకొంటాము. తమ్ముడు రాజనగరులో చదువుకొన్నాడు. తల్లికి పాలిచ్చిన జీతము ముట్టింది. మరి ఆ పిల్లకు ఏమి ముట్టింది? ఆమె తరువాత ప్రవక్తి అయింది, నిజమే. మా అప్ప ప్రవక్తి కాలేదు. పదహారేళ్ళకు పెళ్ళిచేసి కవిటివైపు పంపించాము. నేను హైదరాబాదు వెళ్ళి వేదాంతము చదువుకొన్నాను. అప్ప అయిదవ తరగతి అక్షరాలతో ఇన్‌లాండు ఉత్తరము వ్రాసేది. తింటున్నావా, అందులో ఎప్పుడూ మొదటి మాట అదే.

ఇక ఇప్పటి సంగతి. ఉద్దానములో మూత్రపిండాల జబ్బు లేని వీధి లేదని మీకు నేను చెప్పనక్కరలేదు. ఫలానా కారణమని వైద్యులు నేటికీ ఒక్కమాటమీద తేల్చలేదు. కొంత మేలు జరిగింది. సోంపేట, పలాస, కవిటి, హరిపురము, టెక్కలిలో డయాలిసిస్ కేంద్రాలు వచ్చాయి. డయాలిసిస్ మీద ఉన్నవారికి 2019నుండి నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రము ప్రారంభమయ్యాయి. వంశధార నీరు హిరమండలమునుండి గొట్టాలలో వస్తున్నది. దేవునికి స్తోత్రము. అయితే రోగి యంత్రము ప్రక్కన నాలుగు గంటలు పడుకొని, రానుపోను దారి కలుపుకొని దినమంతా గడిపితే, ఇంట పిల్లలకు ఎవరు అన్నము పెడతారు? ఈ ప్రశ్నకు ఏ ఆసుపత్రిలోనూ వార్డు లేదు.

మా అప్పకు ఆ జబ్బు 2017లో బయటపడింది. బావగారు అప్పటికే లేరు. కొన్నేళ్ళు మందులతో గడిచి, తరువాత వారానికి మూడుసార్లు డయాలిసిస్ అన్నారు. అప్పుడే ఆమె నేను సేవ చేస్తున్న ఊరికి వచ్చి, రెండు వీధుల అవతల అద్దెకు దిగింది. కొడుకు, కోడలు హైదరాబాదులో కట్టుబడి పనిలో ఉన్నారు. మనవడు ఆమె దగ్గరే. వాడికి ఎనిమిదేళ్ళు. మంగళ, గురు, శనివారాలు ఆమె తెల్లవారి బస్సుకు పోతే, వచ్చేసరికి దీపాలు పెడతారు. ఒక్కొక్కసారి నీరసించి అక్కడే ఎవరింటనో ఉండిపోతుంది.

ఆమె ఒకనాడు మా పార్సనేజీకి వచ్చి, "తమ్ముడా, ఆ మూడు దినాలు గుంటడ్ని మీ ఇంట ఉంచుతావేటి?" అని అడిగింది. నేను ఏమన్నానో చెబుతాను. ఉన్నవి రెండు గదులు, అమ్మాయికి పదవ తరగతి పరీక్షలు, వచ్చేపోయేవారు ఎక్కువ, చూద్దాములే అప్పా అన్నాను. ఆమె "అవున్లే, నీకు పనులెక్కువ" అని వెళ్ళిపోయింది. గుమ్మందాకా వెళ్ళి వెనక్కు తిరిగి, "తిన్నావా?" అని అడిగింది.

రెండు వారాల తరువాత, ఒక గురువారము రాత్రి ప్రార్థన కూడిక ముగించుకొని మోటారుసైకిలుమీద వస్తున్నాను. బస్సులు ఆగే చోట, కట్టేసిన టీకొట్టు బల్లమీద పిల్లవాడు కూర్చొని ఉన్నాడు. వెలుతురు వేస్తే తెలిసింది, వాడే. చేతిలో అటుకుల పొట్లము. "నాయనమ్మ బస్సు రాలేదు తాతయ్యా" అన్నాడు. నలభై దాటగానే తాతనయ్యాను, అది వేరే సంగతి. ఆ రాత్రి నేను ప్రసంగించినది ఆతిథ్యమును గురించి. మమ్రే సింధూరవనము, అబ్రాహాము, ముగ్గురు అతిథులు, అంతా చక్కగా చెప్పాను. పది ఇళ్ళవారు బాగుందన్నారు.

వాడిని ఎక్కించుకొని వచ్చాను. మా ఇంటావిడ ఒక్క మాటా అడగకుండా పళ్ళెము పెట్టింది. వాడు తిని, పళ్ళెము పట్టుకొని లేచి, "ఎక్కడ కడగాలి అమ్మమ్మా?" అన్నాడు. ఆమె పళ్ళెము లాక్కొని లోపలికి పోయింది. కాసేపటికి బయటికి వచ్చి, "ఏమండీ, మీ అప్ప మొన్న వచ్చి అడిగింది దీని గురించేనా?" అన్నది. అవునన్నాను. ఆమె మళ్ళీ లోపలికి పోయింది. ఆ రాత్రి నాకు ఎవరూ వడ్డించలేదు. వడ్డించుకొని తిన్నాను.

ఇదంతా నన్ను నేను తిట్టుకోవడానికి చెప్పడము లేదు. మా ఒక్క సంఘములోనే విచారిస్తే అటువంటి పిల్లలు నలుగురు ఉన్నారు. మరి ముగ్గురి తల్లిదండ్రులు ఇద్దరూ వలసపోయినవారు. మధ్యాహ్నము బడిలో అన్నము ఉన్నది, 2003నుండి మన రాష్ట్రములో పెడుతున్నారు. మరి రాత్రికి? 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన తీరము దాటిన వేళ గంటకు 140 కిలోమీటర్లకు పైబడిన గాలిలో, ఊరు ఊరంతా బడి గదుల్లో, గుడిలో పడుకొన్నాము. రెండు తరాలు పెంచిన కొబ్బరి, జీడి, పనస ఒక్క రాత్రిలో నేలకు ఒరిగాయి. మామ్మ ఇల్లు ఉన్న జాగామీద ఒక కొబ్బరిచెట్టు అడ్డముగా పడి ఉన్నది. ఆమె అప్పటికి చాలాకాలము క్రితమే ప్రభువునందు నిద్రించింది. ఆ దినములలో ఒకే గుండిగలో గంజి కాచి అందరికీ పోశాము. ఇది ఎవరి కుండ అని ఒక్కరూ అడగలేదు. నెల తిరిగేసరికి మళ్ళీ అడిగారు. అదికూడా చెప్పాలి.

మా పెద్దలతో కూర్చొన్నాము. పిడికెడు బియ్యము మళ్ళీ మొదలుపెట్టాము. ఇప్పుడు కొందరు బియ్యము బదులు పప్పు, గ్రుడ్లు ఇస్తున్నారు. గుడి తలుపు లోపల ఒక కాగితము అంటించాము. ఏ దినము ఏ ఇంట ఎవరు తిని పడుకొంటారన్నది అందులో ఉంటుంది. రెండు సంగతులలో మాత్రము మా చిన్ననాటి పద్ధతి వద్దనుకొన్నాము. మొదటిది, పేటలో అందరూ మంచివారే అనుకొనే అమాయకత్వము. పిల్లలకు హాని చేసేవారు ఎక్కువసార్లు తెలిసినవారే ఉంటారు. 2012లో పోక్సో చట్టము ఊరకే రాలేదు. అందుచేత పిల్లవాడు పడుకొనే ఇంట ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలి, పిల్లలందరూ ఒకేచోట, తలుపు తీసి పడుకోవాలి. వెళ్ళనని ఏ పిల్ల అన్నా ఎందుకని గద్దించకుండా ఆ ఇంటి పేరు కాగితమునుండి తీసివేయాలి. ఇద్దరు కోపగించుకొన్నారు, గుడికి రావడము మానలేదు.

రెండవది, ఈ పని ఆడపిల్లల నెత్తిన పడకూడదు. మా ఇంట పిల్లలు చేరుతున్నారని తెలిసి ఒక పెద్దావిడ, "మీకేమండి అయ్యగారూ, ఎదిగిన అమ్మాయి ఉంది కదా, చూసుకొంటుంది" అన్నది. ప్రేమతోనే అన్నది. అదే ప్రేమతో మా అప్పను బడి మాన్పించారు. మంగళవారాలు అన్నము నేను వండుతాను. కూరలో ఉప్పు ఎక్కువవుతున్నదని అప్ప మనవడు మా అబ్బాయితో చెప్పినట్టు తెలిసింది. గిన్నెలుకూడా నేనే కడుగుతాను. మా అమ్మాయి ఆ గంటలో ఆల్జీబ్రా చేసుకొంటుంది. అప్ప ఒకసారి చూసి, పాస్టరుగారిచేత గిన్నెలు కడిగించడమేమిటని కోడలిని కోప్పడబోయింది. "నువ్వు కూర్చో అప్పా" అని కుర్చీ వేసి, ఆమెకు ముందు వడ్డించాను. ఉప్పు తగ్గించి వేరుగా చేసిన కూర. వాళ్ళకు నీళ్ళుకూడా లెక్కే, గ్లాసు కొలిచి ఇవ్వాలి. మొదటి ముద్ద నోట్లో పెట్టుకొని, పిల్లలు తిన్నారా అని అడిగింది. తినలేదు, నువ్వే మొదట అన్నాను. ఆమె చాలాసేపు పళ్ళెములోకి చూస్తూ ఉండిపోయింది. తరువాత తిన్నది.

చాపకూడా క్రొత్తది తెచ్చాము. ప్లాస్టిక్‌ది, పలాస సంతలో. రెండు కొని అంచులు కలిపి కుట్టించాను. దర్జీ ఎందుకని అడిగాడు. చెబితే డబ్బు తీసుకోలేదు. అతను మన సంఘస్థుడు కాడు.

మీ ఊళ్ళలో ఏ ఇంటినుండి ఏ దినము ఎవరు యంత్రము దగ్గరకు పోతున్నారో మీ కాపరులకంటె మీకే బాగా తెలుసు. మా కాగితముమీద సోమవారము, బుధవారము వలసవెళ్ళినవారి పిల్లలకు ఇళ్ళు దొరికాయి. మంగళవారము మాది. శనివారము రిటైరైన మాస్టారు దంపతులది. గురువారము మూడు నెలలుగా ఖాళీగా ఉన్నది. ఆ దినము పిల్లలను మేమే సర్దుకొంటున్నాము. మా సంఘమువారు ఈ కూడికకు తొమ్మిదిమంది వచ్చియున్నారు. నేను వారివైపు చూడకుండానే ఈ మాట చెప్పి కూర్చొంటున్నాను.